నా కీబోర్డు మీద పధ్నాలుగు బొట్లు

నా పాటలో తప్పుందని తెలుగువాళ్ళు ఒక్కరు కూడా నాతో అనేవాళ్ళు కాదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఫిర్యాదు. శ్రుతి తప్పిన రోజులున్నాయి. జలుబుతో గొంతు పూడుకుపోయి చరణం సగంలో ఆగిపోయిన రోజొకటుంది. ఆ రోజు కూడా మావాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక పెద్దావిడ స్టేజీ ఎక్కి నా తల నిమిరి, "ఎంత బాగా పాడావమ్మా, పాపం" అంది. పాటకూ పాపానికీ ఏం సంబంధమో నాకు తెలియదు కానీ, మావాళ్ళ నోట నా పాట ఆ మాట లేకుండా ఏనాడూ రాలేదు.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. సోల్ పాడతాను, కీబోర్డు వాయిస్తాను. న్యూజిలాండ్‌లో తెలుగు సోల్ పాడిన మొదటి మనిషి అని మా పోస్టర్ల మీద వేస్తారు. రెండో మనిషి ఇంకా రాలేదు కాబట్టి ఆ మాటకు అడ్డు చెప్పేవాళ్ళు లేరు. సోల్ అంటే ఏమిటని చుట్టాలు అడిగితే నేను చెప్పే జవాబు ఒకటే. చర్చిలో దేవుడి కోసం పాడే పాటను అదే గొంతుతో, అదే ఆర్తితో, పక్కనున్న మనిషి కోసం పాడితే అది సోల్. అమెరికాలో నల్లజాతి వాళ్ళు తమ కష్టంలోంచి తీసిన సంగీతం అది. నాకు మాత్రం ఇక్కడి మనురేవా అనే ఊళ్ళో ఒక గోడ అవతలి నుంచి వచ్చింది.

హనుమకొండ నుంచి వచ్చేటప్పటికి నాకు పదకొండేళ్ళు. నాన్న మనురేవాలో ఒక డెయిరీ కొన్నాడు. ఇక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం కాదు. పాలు, బ్రెడ్డు, సిగరెట్లు, పిల్లల చాక్లెట్లు అమ్మే వీధి చివరి కొట్టు. అమ్మ గల్లా దగ్గర ఉండేది. నన్ను వెనకాల సామాన్ల గదిలో కూల్‌డ్రింకు డబ్బాల మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఆ గది గోడకు ఆనుకునే ఒక హాలు ఉండేది. వారమంతా ఖాళీగా పడుండే ఆ హాలు ఆదివారం పొద్దున పసిఫిక్ దీవుల వాళ్ళ చర్చి అయ్యేది.

నేను గోడకు చెవి ఆనించి విన్నది పాటలను కాదు, పాటల మధ్యలో జరిగే దాన్ని. పాస్టరు ప్రసంగం చేస్తుంటే ఆర్గాన్ ఊరికే ఉండేది కాదు. ఆయన ఒక మాట అంటాడు, ఆర్గాన్ ఊకొడుతుంది. ఆయన గొంతు పెంచుతాడు, ఆర్గాన్ ఇంకాస్త పైకెళ్ళి "ఆ, తర్వాత?" అంటుంది. మా నానమ్మ కథ చెప్తుంటే నేను ఊకొట్టడం మర్చిపోతే ఆమె కథ ఆపేసేది. అక్కడ పాస్టరు పరిస్థితీ అంతే. ఆర్గాన్ ఊకొట్టకపోతే ఆయన ప్రసంగం ముందుకు కదలదు. జనం చప్పట్లు, ఆయన మాట, ఆ ఆర్గాన్ మూడూ కలిసి ఎక్కడో ఒకచోట పాటైపోయేవి. ఎక్కడ అయిందో పట్టుకుందామని రెండేళ్ళు గోడ దగ్గర కూర్చున్నాను.

పదమూడో ఏట ఇంక ఉండబట్టలేక గోడ అవతలికి వెళ్తానన్నాను. నాన్న సరేనన్నాడు. అమ్మ చాలాసేపు ఆలోచించి, "బొట్టు పెట్టుకొని పో" అంది. అదొక్కటే ఆమె షరతు. బొట్టుబిళ్ళ ఒకటి నొసటన గట్టిగా అద్ది పంపింది.

ఆర్గాన్ వాయించేది ఒక సమోవా ఆంటీ. పెద్ద శరీరం, బెంచీ సగానికి పైగా ఆమెదే. మిగిలిన కాస్తలో నన్ను కూర్చోబెట్టుకుంది. నా వేళ్ళు ఆర్గాన్ మెట్ల మీద పెట్టి వాయించమంది. నేను గోడ అవతల విన్నదంతా వాయించేశాను. మెచ్చుకోలు వస్తుందని చూస్తుంటే ఆమె, "ఎడమ చెయ్యి నిద్రపోతోంది, లేపు. కుడి చెయ్యి మరీ ఎక్కువ మాట్లాడుతోంది, నోరు ముయ్యమను" అంది ఇంగ్లీషులో. అప్పటిదాకా హనుమకొండలో గానీ, బడిలో గానీ, చుట్టాల్లో గానీ నేను చేసిన పని బాగాలేదని అన్న మనిషి లేడు. ఆ రోజు ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. బాగాలేదంటే, బాగుపడే వీలున్న మనిషిగా నన్ను లెక్కేసుకుందన్న మాట.

బొట్ల సంగతి కూడా అక్కడే మొదలైంది. ఆ ఆర్గాన్‌కు మెట్ల పైన వరసగా మీటలుండేవి, ఒక్కో మీటకు ఒక్కో రకం శబ్దం. తడుముకుంటూ లెక్కపెట్టేసరికి పాట దాటిపోయేది. ఒకరోజు విసుగొచ్చి, నా నొసటి బొట్టుబిళ్ళ పీకి నాకు కావలసిన మీటకు అంటించాను. వేలికి తగిలింది, తప్పు పోలేదు. ఆంటీ పగలబడి నవ్వి, వచ్చే ఆదివారం ఇంకో నాలుగు తెమ్మంది. బోడి నొసటితో ఇంటికొచ్చిన నన్ను చూసి అమ్మ నిలదీసింది. జరిగింది చెప్పాను. తరవాత ఇండియన్ షాపుకు వెళ్ళినప్పుడు రెండు పాకెట్లు తెచ్చింది. "ఒకటి నీకు, ఒకటి నీ పెట్టెకు" అంది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా నేను వాయించిన ప్రతి కీబోర్డుకూ బొట్లున్నాయి. ఇప్పుడున్న దానికి పధ్నాలుగు. చిన్నవి, పెద్దవి, పొడుగువి, రాళ్ళు పొదిగినవి. రాయి ఉంటే ఆర్గాన్, పొడుగు బొట్టైతే పియానో, చిన్న గుండ్రనిది వాల్యూము. బ్రెయిలీ స్టిక్కర్లు కొనుక్కోవచ్చు కదా అని అడుగుతారు. కొనుక్కోవచ్చు. ఇవి నాకు అలవాటు, పైగా నా ఇష్టం.

పందొమ్మిదేళ్ళకు హెండర్సన్‌లో ఒక పబ్బులో మొదటిసారి జనం ముందు పాడాను. ఓనరు నా పాట విని, మధ్యలో సితారు శబ్దం ఏమైనా కలపగలవా అన్నాడు. కలపను అన్నాను. ఒక రేడియో ఇంటర్వ్యూలో, పాడేటప్పుడు మీకు ఏం కనిపిస్తుంది అని అడిగారు. మీరు మాట్లాడేటప్పుడు మీకేం కనిపిస్తుంది అని అడిగాను. పేపర్లలో నా పాట గురించి రాసినప్పుడల్లా "అంధ" అన్న మాట మొదటి వాక్యంలోనే వచ్చేది, పాట మూడో పేరాలో వచ్చేది. ఇంగ్లీషులో రెండు ఆల్బములు చేశాను. ఊరూరా తిరిగాను. ఎక్కని స్టేజీ మెట్లు లేవు, ఆ మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని లాగని మనిషి లేడు. లాగిన ప్రతివాణ్ణీ తిట్టాను. పొగరుబోతు అని పేరొచ్చింది. జాలి కంటే పొగరే నాకు సుఖంగా ఉంది.

నాన్న పోయాక డెయిరీ అమ్మేసి అమ్మా నేనూ లోవర్ హట్ వచ్చేశాం. ఇళ్ళు చవక, వెల్లింగ్టన్‌కు రైలుంది, నా బ్యాండు వెల్లింగ్టన్‌లో ఉంది. బ్యాండు అంటే డ్రమ్స్ వాయించే ఒక మావోరీ ఆయన, బేస్ గిటార్ వాయించే ఒక తెల్ల కివీ అమ్మాయి, నేను. వాళ్ళిద్దరూ నా తప్పులు ముఖం మీదే చెప్తారు. మావాళ్ళే చెప్పరు. అమ్మ ప్రతి ప్రోగ్రాముకూ వచ్చేది. వెనక వరసలో ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చునేది. అయిపోయాక, "మంచిగ పాడినవ్ బిడ్డా" అనేది. అన్నం తిన్నావా అని అడిగే గొంతే అది. ఏ రోజూ ఒక్క వీసం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

తెలుగులో సోల్ పాట కట్టడం వెల్లింగ్టన్ స్టేషన్లో మొదలైంది. నేను కర్రతో నా ప్లాట్‌ఫారం మీదికి నా దారిన నడుస్తున్నాను. ఎవరో మన స్టూడెంటు కుర్రాడు, "అక్కా, రండి, నేను ఎక్కిస్తా" అని నా మోచెయ్యి పట్టుకుని పరుగు తీశాడు. ఆగమంటే వినలేదు. ఎక్కించి, "జాగ్రత్త అక్కా" అని దిగిపోయాడు. తలుపులు మూసుకున్నాక తెలిసింది, అది జాన్సన్‌విల్ రైలు. మనవాళ్ళు అటువైపు ఎక్కువగా ఉంటారు, నేనూ అటేనని తేల్చేశాడు. కొండ మీద ఎక్కడో దిగి తిరుగు రైలు కోసం చలిలో కూర్చున్నాను. ఆ కోపంలో వచ్చిన పల్లవి ఇది:

దారి నేనడగలేదు, చెయ్యి నువ్వెందుకు పడతావు?
అడిగిన నాడు పట్టుకో, అందాకా పక్కనే నడు.

పబ్బుల్లో పాడితే కివీలకు అర్థం కాకపోయినా కాళ్ళు ఆడించేవాళ్ళు. నాకది చాల్లేదు. ఈ పాట అర్థమయ్యేవాళ్ళ ముందు పడాలి. వాళ్ళు విని బాగుందో లేదో చెప్పాలి. పాపం అనకుండా చెప్పాలి. నాకు నలభై దగ్గర పడుతోంది. ఆ ఒక్క మాట నావాళ్ళ దగ్గర వినకుండానే ఈ జన్మ గడిచిపోతుందేమోనని నిజంగా భయం వేసింది.

మా తెలుగు సంఘం ప్రెసిడెంటు హైదరాబాద్ మనిషి, సొంత వ్యాపారం. చెడ్డవాడు కాదు. నాన్న పోయినప్పుడు వెల్లింగ్టన్ నుంచి మనురేవా దాకా వచ్చి, మూడు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన ఫోన్ చేసి వార్షికోత్సవానికి పాడమన్నాడు.

"బ్యాండుతో వస్తాను అంకుల్. ఇరవై నిమిషాలు కావాలి. నా పాటలే పాడతాను," అన్నాను.

"నీ ఇష్టమమ్మా. ట్వంటీ మినిట్స్ నీదే. ఏమన్న పాడుకో."

మా సంఘాల్లో సన్మానానికి ఒక పద్ధతుంది. స్టేజీ మధ్యలో కుర్చీ వేస్తారు. ముగ్గురు మాట్లాడతారు. శాలువా కప్పుతారు, పూలగుత్తి ఇస్తారు, ఒక గాజు బొమ్మ చేతిలో పెడతారు, ఫోటోలు తీస్తారు. సన్మానం చేయించుకునే మనిషి చేయాల్సిందల్లా కదలకుండా కూర్చోవడం. వార్షికోత్సవం రోజు, శనివారం మధ్యాహ్నం, వెల్లింగ్టన్‌లో హాలుకు వెళ్ళి, సౌండు సరిచూసుకుని, పక్క గదిలో టీ తాగుతుంటే అంకుల్ వచ్చాడు.

"చిన్న చేంజ్ అమ్మా. నీకు సన్మానం పెట్టినం, సర్‌ప్రైజ్. స్పీచులైనంక ఒక దేవుడి పాట పాడు, అందరు ఖుషీ అయితరు. డ్యాన్సులు లేటైనయ్, బ్యాండు నెక్స్ట్ టైం చూద్దాం."

"నా ఇరవై నిమిషాలు అంకుల్?"

"అరే, అందుకే కద సన్మానం. ఇరవై నిమిషాలకంటె పెద్దది."

ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. అదే నాకు ఎక్కువ మండించింది. పక్కనే ఉన్న అమ్మ నా మోకాలు మీద చెయ్యి వేసి, "పెద్దమనిషి, ఏమనకు" అంది. ఒక్కటే అడిగాను: ఉత్త కుర్చీలో కూర్చోను, కీబోర్డు ముందు కూర్చుంటాను. దానికేం, కూర్చో అన్నాడు. డ్రమ్స్ తెర వెనకే ఉంచుతానంటే సరేనన్నాడు.

స్టేజీ మీదికి నా కర్రతో నేనే నడిచి వెళ్ళి కూర్చుని, అలవాటుగా ఎడమ చేతి వేళ్ళు కీబోర్డు పైభాగం మీద వేశాను. నున్నగా ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమాను. ఒక్క బొట్టు లేదు. స్పిరిట్ వాసన మాత్రం వస్తోంది.

పక్కన పూలగుత్తి పట్టుకుని నిలబడ్డ కమిటీ ఆంటీని అడిగాను. ఆవిడది కాకినాడ వైపు. "నేనే తుడిచానమ్మా. ఆడపిల్లలు డ్యాన్సుకి రెడీ అవుతూ బొట్లన్నీ దీనికే అంటించేశారు. మా ఇంట్లో బాత్రూమ్ అద్దం నిండా ఇంతేగా. వీడియోలో బాగోదని తీసేసి శుభ్రంగా తుడిచేశాను," అంది. గొంతులో ఎంత తృప్తో.

ఏమనాలి ఆవిణ్ణి? ప్రతి తెలుగింటి అద్దానికీ నాలుగు బొట్లుంటాయి, అవి గీకడం తల్లుల పని. ఇంకే దేశపు ఆడమనిషైనా నా కీబోర్డు జోలికి వచ్చేది కాదు. ఇవేవో గుర్తులని ఊరుకునేది. మావాళ్ళకు మాత్రం బొట్టు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో బాగా తెలుసు. "అవి నా మీటల గుర్తులు ఆంటీ," అన్నాను. ఆవిడ "అయ్యో" అంది. కాసేపటికి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోంది. ఇప్పుడు ఆవిణ్ణి ఓదార్చడం ఒకటి నా నెత్తిన పడింది.

తుడవడంలో ఏ మీట నొక్కారో, సరిచూసి పెట్టుకున్నవన్నీ చెదిరిపోయాయి. దేవుడి పాటకు హార్మోనియం లాంటి మెత్తని శబ్దం కావాలి. అంచు నుంచి లెక్కపెట్టుకుంటూ ఒక మీట నొక్కి, వాల్యూము కాస్త తగ్గించి ఒక్క మెట్టు తాకి చూశాను. ఆర్గాన్. గుండె లోతు నుంచి వచ్చే చర్చి ఆర్గాన్. ఇంకో మీట వెతుకుదామనేలోపు అంకుల్ మైకు అందుకున్నాడు.

"సభకు నమస్కారం. ఇవాళ మనం ఒక దివ్యాంగురాలిని సన్మానించుకుంటున్నం."

నా కుడి చెయ్యి నన్ను అడగకుండానే మూడు మెట్లు కలిపి నొక్కింది. మెల్లిగా, ఊ అన్నట్టు. ముందే అనుకుని చేశానని తరవాత కొందరన్నారు. అనుకోలేదు. ప్రసంగం వినపడితే ఆర్గాన్ మీద ఉన్న నా చేతులు ఊరుకోవు, పదమూడేళ్ళప్పటి అలవాటు.

"పుట్టినప్పటి నుంచి చూపు లేదు," అన్నాడు అంకుల్. ఊ, అంది ఆర్గాన్. "అయినా ధైర్యం కోల్పోలేదు." ఊ. ఎక్కడిదీ శబ్దం అని ఆయన ఒక క్షణం తడబడ్డాడు. కానీ మైకు పట్టుకున్న మనిషికి కింది నుంచి ఒక ఊతం దొరికాక గొంతు దానంతటదే లేస్తుంది. పాస్టరుకైనా అంతే, ప్రెసిడెంటుకైనా అంతే.

"మనకు కళ్ళున్నయ్." ఊ. "మనకు ఇల్లుంది." ఊ. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, సరిగ్గా తాళం మీద. "మనకు కారుంది." ఈసారి కాస్త పైకి. "అత్తగారుంది," అని జనంలోంచి ఒక మగ గొంతు. హాలంతా నవ్వింది. అంకుల్ కూడా నవ్వి, ఆగలేక, "అన్నీ ఉన్నయ్, అయినా మనం ఏడుస్తం," అన్నాడు. తెర వెనకాల డ్రమ్మరు మెల్లిగా అందుకున్నాడు. తెలుగు ఒక్క ముక్క రాదు ఆయనకు. ఆర్గాన్ ఏమంటోందో మాత్రం తెలుసు. బేస్ కూడా కలిసింది.

"ఈ అమ్మాయి మాత్రం," అంకుల్ గొంతు హాలు కప్పును తాకింది, "ఏనాడు ఏడవలేదు."

అక్కడ నేను మెట్ల మీది నుంచి చేతులు ఎత్తేశాను. అంతా ఆగిపోయింది. కీబోర్డు ముందున్న నా మైకు దగ్గరకు లాక్కున్నాను.

"ఏడుస్తాను అంకుల్. అందరిలాగే ఏడుస్తాను. మీరు నాకు ఇరవై నిమిషాలు ఇస్తానని ఇవ్వకపోతే కోపమొస్తుంది. అడగకుండా ఎవరైనా నా చెయ్యి పట్టుకుని లాగితే తిడతాను. ఆ తిట్టే ఈ పాట."

పల్లవి ఎత్తుకున్నాను. గుర్తుల్లేని కీబోర్డు మీద ఒకే ఒక్క శబ్దంతో, పియానో లేదు, ఇంకోటి లేదు, ఆర్గానొక్కటే పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా పాడాను. "చెయ్యి నువ్వెందుకు పడతావు" అన్నచోట కుర్రాళ్ళు కొందరు ఈలలు వేశారు. కొందరు లేచి వెళ్ళిపోయారు, కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. ఇంకో పాట కూడా పాడాను. ఎవరూ ఆపలేదు. ఇరవై నిమిషాలు అవునో కాదో చూసుకోలేదు, నాకు చాలినంత పాడాను.

అయ్యాక అంకుల్ శాలువా పట్టుకుని దగ్గరికొచ్చాడు. "వద్దు అంకుల్. పాటలో ఏం లోపముందో చెప్పండి చాలు," అన్నాను.

ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. తరవాత, "లోపమేందమ్మా, సరస్వతి దేవి లెక్క పాడినవ్. చూపు లేకున్న ఎంత గొప్పగ పాడినవ్," అన్నాడు.

ఆ శాలువా చివరికి ఎవరికి కప్పారో నాకు తెలియదు.

భోజనాల దగ్గర వరసగా వచ్చారు. ఎంత బాగా పాడావమ్మా, పాపం. కళ్ళు లేకపోయినా ఎంత చక్కగా వాయించావమ్మా. ఒకాయన మాత్రం, "సన్మానం చేస్తుంటే ఎగతాళి చేస్తారా అండి, పెద్దాయన కదా" అని కోప్పడ్డాడు. ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది. కనీసం నన్ను తిట్టదగిన మనిషిగా చూశాడు. పాట ఎలా ఉందండీ అని అడిగాను. పాట బానే ఉంది, పాపం అన్నాడు. నా ప్లేటు పక్కన పెట్టేశాను. ఇంత గొడవ చేసీ, హాలంతా ఊగించీ, నేను మొదలుపెట్టిన చోటే ఉన్నాను. ఏడుపొచ్చింది. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. అంకుల్ చూసుంటే తన ప్రసంగం దిద్దుకునేవాడు.

సాయంత్రం బ్యాండు వాళ్ళు సామాన్లు వ్యానులో వేసుకుని వెళ్ళారు. అమ్మా నేనూ రైలెక్కాం. అమ్మ స్టేషన్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దమనిషి పరువు తీశానని కోపంగా ఉందనుకున్నాను. ఏమన్నా అంటే ఎదురు చెప్పడానికి మాటలు సిద్ధం చేసుకుంటున్నాను. రైలు కదిలింది. సముద్రం పక్కన చక్రాల చప్పుడు మారింది.

"రెండో చరణంల ఉరికిచ్చినవ్," అంది అమ్మ.

"ఏంటి?"

"తాళం. రెండో చరణం మొదలైనకాడికెల్లి ఉరికిచ్చినవ్. మాటలు మింగినవ్. పల్లవికి మళ్ళొచ్చినంక గూడ 'అడిగిన నాడు' అనేది నాకే సరిగ వినపడలే."

నలభై ఏళ్ళుగా బతుకమ్మ చుట్టూ గొంతెత్తి, చప్పట్లతో వంద మంది ఆడవాళ్ళను ఒక్క అడుగు మీద నడిపించిన మనిషి ఆమె. తాళం ఎక్కడ జారిందో ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? డ్రమ్మరు నాతోపాటే ఉరికాడు కాబట్టి ఆయనకు తెలియలేదు. మనసులో రెండో చరణం మళ్ళీ పాడుకున్నాను. ఉరికించాను. నిజమే.

"మొన్నటిదాక ఒక్కసారి గూడ ఎందుకు చెప్పలే?" అన్నాను.

అమ్మ సంచి సర్దుకుంది. "నువ్వు బాధపడ్తవని."

"నువ్వు గూడనా అమ్మా?"

"నేను గూడ. ఇయ్యాల నువ్వు అంతమంది మొఖం మీద కొట్టినట్టు పాడినవ్. బాధపడితే పడ్తది, దీనికేమైతది అనుకున్న."

ఉరికించలేదు, అక్కడ కోపం ఎక్కువవుతుంది కాబట్టి అలాగే పాడాలి అన్నాను. అబద్ధమే. కోపమొస్తే మాట నిమ్మళంగ రావాలె గని ఉరుకుతదా అంది. సోల్ గురించి నీకేం తెలుసన్నాను. పాట గురించి నీకంటే ముందే తెలుసంది. పాడి చూపించు అన్నాను. పెటోనీ స్టేషన్లో ఎక్కినవాళ్ళంతా వింటుండగా, మా అమ్మ చేతులు తట్టి, నా రెండో చరణం సరైన నడకలో పాడింది.